రానన్నవాడు

ఆ మాట వినగానే బెంచీకి ముందు కలిగింది సంతోషమే. తర్వాత ఎంత సిగ్గుపడ్డా, తనకు తాను ఎన్ని విధాల సర్దిచెప్పుకున్నా, మొదట కలిగింది మాత్రం అదే. దాన్ని దాచిపెడితే ఈ కథ చెప్పి లాభం లేదు.

ఫుట్‌బాల్ జట్టు శిబిరంలో పొద్దుటి ప్రాక్టీసు అయిపోయింది. బట్టలు మార్చుకునే గదిలో ఆటగాళ్ళంతా బల్లల మీద వరసగా కూర్చుని బూట్లు విప్పుతున్నారు. తడిసిన మేజోళ్ళ వాసన, నొప్పుల మందు వాసన కలిసి ముక్కులు పగులుతున్నాయి. జట్టు మొదటి గోల్‌కీపరు తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పాతికేళ్ళవాడు. బంతిని లోపలికి పోనివ్వడని అతనికి 'గోడ' అని పేరు పడింది.

"నేను రావట్లేదు," అన్నాడు.

"ఎక్కడికి, భోజనానికా?" అన్నాడు నత్త. జట్టులో అందరికన్నా జోరుగా పరిగెత్తేవాడు కాబట్టి అతనికి ఆ పేరు.

"టోర్నమెంటుకి. ఆ దేశంలో నేను ఆడను. ఆ స్టేడియాలు కట్టడానికి మనుషుల్ని గొడ్ల కన్నా హీనంగా వాడుకున్నారు. పాస్‌పోర్టులు లాక్కుని పెట్టెలో పెట్టుకున్నారు. జీతం అడిగినవాణ్ణి జైల్లో వేశారు. చచ్చినవాళ్ళ పేర్లు కూడా చెప్పరు. అలాంటి గడ్డి మీద నేను బంతి పట్టలేను. గేటు దగ్గర విలేకర్లకి కూడా చెప్పేసి వచ్చాను."

రెండో గోల్‌కీపరు బెంచీ వేళ్ళకు చుట్టుకున్న టేపు విప్పుకుంటున్నాడు. చిటికెన వేలి దగ్గర చెయ్యి ఆగింది. వీడు రాకపోతే గోల్లో నిలబడేదెవరు? ఆ ప్రశ్న పూర్తిగా వేసుకునే లోపే గుండె ఒక్క గంతు వేసింది. ఏళ్ళ తరబడి జట్టుతో తిరుగుతున్నాడు. గోడ వెనక కూర్చున్నాడు, గోడకు ముందు ఆడినవాడి వెనకా కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని అసలు పేరు అరిగిపోయి బెంచీ మిగిలింది. నెత్తిన జుట్టు పలచబడింది. ఈసారి దాటితే మళ్ళీ నాలుగేళ్ళకు గానీ ఈ టోర్నమెంటు రాదు. అప్పటికి తను బస్సు డిపోలో గుమాస్తా కుర్చీలో ఉంటాడు. బెంచీ కూడా ఉండదు.

"ఏం బెంచీ అన్నా," అన్నాడు నత్త, "పెళ్ళికొడుకు గోడ దూకి పారిపోయాడు. తోడిపెళ్ళికొడుకువి నువ్వేగా, గడ్డం గీసుకో మరి!"

అందరూ నవ్వారు. నవ్వడానికి ఏదో ఒకటి దొరికినందుకు నవ్వారు. గోడ మాత్రం నవ్వకుండా వచ్చి బెంచీ పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు కూడా చెప్పు. ఇద్దరం రామంటే వాళ్ళకి మంట తెలుస్తుంది. నేనొక్కణ్ణే అయితే నీతో నెట్టుకొచ్చేస్తారు."

"నాతో నెట్టుకురావడం అంత తేలికా ఏంటి?" అని బెంచీ దాన్ని నవ్వులాటలోకి తిప్పబోయాడు. అవతలివాడు ఆ తోవలోకి రాలేదు. "చూడు తమ్ముడూ, నీకు చెప్పడానికి నోరుంది, వినడానికి లోకముంది. నేను రానంటే మా డిపోలో వాచ్‌మన్ కూడా ఎందుకని అడగడు."

"మీ బావమరిది అక్కడే పనిచేసి వచ్చాడన్నావుగా?"

"చేశాడు. వచ్చాడు. బానే ఉన్నాడు."

బానే ఉన్నాడో లేదో బెంచీ ఎన్నడూ అడిగింది లేదు. మనిషి రెండు కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చాడు. అడగడానికి ఇంకేముంది అనుకున్నాడు.

మధ్యాహ్నం కోచ్ మాస్టారు ఏమీ మాట్లాడకుండా పసుపు జెర్సీ ఒకటి అతని మీదికి విసిరారు. ఇన్నాళ్ళూ అతని పని గోడ ప్రాక్టీసుకు బంతులు కొట్టిపెట్టడం. ఎడమ నుంచి ఎత్తుగా కొన్ని, కుడి నుంచి నేలబారుగా కొన్ని. పక్కకు పోయిన వాటిని వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ కొట్టడం. ఇవాళ బంతులు తన మీదికే వస్తున్నాయి. గ్లవ్స్ అరచేతుల్లో ఉమ్మి రుద్దుకున్నాడు. మడమతో స్తంభాన్ని తాకి చూసుకుని, రెండడుగులు ముందుకొచ్చి, మోకాళ్ళు వదులు చేసి నిలబడ్డాడు. నత్త పరిగెత్తుకొచ్చి కొట్టేముందు అతను నేలకు ఆనించిన కాలి పాదం ఎటు తిరుగుతోందో చూసి ముందే అటు ఒరిగాడు. బంతి వచ్చి పిల్లిలా పొట్టలో పడుకుంది.

"ఎడమ! ఎడమ మూసెయ్!" అని ముందున్నవాళ్ళ మీద అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. బెంచీ మీద కూర్చునేవాడికి అరిచే పనుండదు.

*

ఆదివారం ఇంటికి వెళ్ళిరమ్మన్నారు. వీధి మొదట్లోనే వార్త ఎదురొచ్చింది. మంగలి దుకాణంలో సగం గీసిన గడ్డంతో ఒకాయన లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఇంటి దగ్గర భార్య ఆ పూట మందుల షాపుకు సెలవు పెట్టి, తలుపు తీసి నిలబడి ఉంది.

"ఈసారి మిమ్మల్నే ఆడిస్తారటగా? షాపులో అందరికీ చెప్పేశాను. మా ఓనరైతే ఆ రోజు షాపులో టీవీ పెట్టిస్తానన్నాడు."

"ఇంకా పేర్లు బయటపెట్టలేదే."

"పెట్టడానికి ఇంకెవరున్నారు?" అని ఆమె సంచీ అందుకుంది. లోపలికి నడుస్తూ, "ఆ అబ్బాయి ఎందుకు మానేశాడు మరి?" అని అడిగింది.

"ఏదో... అక్కడ పనిచేసిన కూలీల సంగతి."

"మా తమ్ముడిలాంటి వాళ్ళ సంగతా?"

బెంచీ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు.

బావమరిది ఎదురింట్లో పనిమీద ఉన్నాడు. ఆ ఇంటికి పైన ఇంకో అంతస్తు లేపుతున్నారు. ముందువైపు ఇనప పైపులు నిలువుగా, అడ్డంగా బిగించి పరంజా కడుతున్నాడు. ఒక కాలు పైపుకు మెలేసి, రెండు చేతులూ వదిలేసి స్పానరుతో నట్లు బిగిస్తున్నాడు. బెంచీ వెళ్ళి కింద నిలబడ్డాడు.

"పైకి చూడకు బావా, కళ్ళలో సిమెంటు పడుతుంది. అసలే కళ్ళతో పనున్నవాడివి."

"దిగి రారా. మాట్లాడాలి."

"పెద్ద గోల్‌కీపరు గారు పిలిస్తే దిగకుండా ఉంటామా?" అని కోతిలా జారి ఇసక కుప్ప మీద దూకాడు. చెమట తుడుచుకుంటూ, "మొదటి ఆట ఏ స్టేడియంలో?" అన్నాడు.

"అదే, పైన గొడుగులాంటి కప్పు ఉంటుందే..."

"మనదే!" అన్నాడు బావమరిది. అతని మొహం ఎంత వెలిగిందంటే, ఆ స్టేడియం తనకు పిత్రార్జితమేమో అనిపించింది. స్పానరు కొసతో ఇసకలో గుండ్రంగా గీశాడు. "ఇదిగో, ఇది గోలు. దీని వెనక మెట్లు. ఆ పైన కప్పు. ఈ పక్క కప్పుకి పరంజా అంతా మా జట్టే కట్టింది. నువ్వు ఈ గోల్లో నిలబడ్డావనుకో, నీ వెనక, కొద్దిగా ఎడమకి, అక్కడే పొడుగోడు పడింది."

"పొడుగోడెవడు?"

"నా పక్క మంచం వాడు. వాడి కాళ్ళు మంచం దాటి నా దిండు మీదికి వచ్చేవి. రోజూ తిట్టుకునేవాళ్ళం." స్పానరును అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "ఎండకి పైపులు కాలిపోయేవి బావా. చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకోవాలి. గుడ్డ చుట్టుకుంటే పట్టు దొరకదు. వాడు గుడ్డ చుట్టుకున్నాడు."

"కింద వల కట్టరా?"

బావమరిది నవ్వాడు. "వల లేకేం? వాడు పడిన మర్నాడే వచ్చింది, లారీ నిండా. గోలుకి కట్టే వలలు. మూడు రకాలు తెచ్చారు. ఒకటి కట్టడం, దూరంగా పోయి చూడ్డం, మళ్ళీ విప్పడం. తెల్లది టీవీలో మెరిసిపోతోందంటాడొకడు. అంచు నల్లగా ఉంటే అందంగా ఉంటుందంటాడింకొకడు. సాయంత్రం దాకా అదే పని. మా మేస్త్రీ చూసి చూసి, 'బంతి మీద ఉన్న ముచ్చటలో పిసరంత మన మీద ఉన్నా పొడుగోడు ఈపాటికి గురక పెడుతుండేవాడురా' అన్నాడు."

"నువ్వెప్పుడూ చెప్పలేదేరా."

"నువ్వడగలేదుగా బావా."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బెంచీకి కొంత తేలికగా ఉండేది. ఇసకలో గీతల్ని కాలితో చెరపబోయి మానేశాడు.

"నన్ను వెళ్ళమంటావా, వద్దంటావా?"

"ఇదేం ప్రశ్న? వెళ్ళక? నేను కట్టినదాంట్లో మా బావ నిలబడితే నాకు గొప్ప కాదూ?" అంటూ బావమరిది లేచి మళ్ళీ పైకెక్కాడు. బెంచీ కింద నుంచి చూస్తూనే ఉన్నాడు. పైన వాడు ఒకే నట్టును తిప్పుతున్నాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది. అయినా తిప్పుతున్నాడు.

*

శిబిరానికి తిరిగొచ్చాక బెంచీకి ఒక జబ్బు పట్టుకుంది. బంతి తనను దాటి వెళ్ళి వలలో పడితే చాలు, వెనక్కి తిరిగి చూస్తున్నాడు. గోలు పడితే ఏ కీపరైనా చూస్తాడు, కానీ ఇతను బంతిని చూడట్లేదు. వల పైన, ఎడమవైపు, ఖాళీగా ఉన్నచోట చూస్తున్నాడు.

"వెనకేముందయ్యా?" అని కోచ్ మాస్టారు గీత దగ్గర నుంచి కేక పెట్టారు. "బంతి ముందు నుంచి కదా వచ్చేది!"

నత్త ఊరుకుంటాడా? "వెనక బెంచీ ఉందో, తీసేశారో చూసుకుంటున్నాడు మాస్టారూ!"

మంగళవారం మధ్యాహ్నం జట్టు మేనేజరు గది ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. తను కూడా రానని చెప్పేద్దామని. చెప్పవలసిన మాట దారంతా నోట్లో తిప్పుకుంటూనే వచ్చాడు. మేనేజరు బల్ల మీద తలవంచుకుని అక్కడి బసలో ఎవరికి ఏ గదో రాసుకుంటున్నాడు. నెరిసిన తల ఎత్తి, "ఏరా, ఏం కావాలి?" అన్నాడు.

"గ్లవ్స్... కుడిచేతి దానికి కుట్టు ఊడింది సార్."

"అడగాలి కదరా మరి! ఇప్పుడు నువ్వు మొదటివాడివి," అని మేనేజరు బీరువా తెరిచి కొత్త జత చేతిలో పెట్టాడు. చెప్పడానికి వెళ్ళినవాడు గ్లవ్స్ పుచ్చుకుని బయటికొచ్చాడు. మెత్తగా, కొత్త రబ్బరు వాసన వేస్తున్నాయి. ఎవరూ చూడకుండా గోడవారన నిలబడి తొడుక్కుని చూసుకున్నాడు కూడా. సరిగ్గా సరిపోయాయి. వెధవవి, సరిపోకపోయినా బాగుండేది అనుకున్నాడు.

గురువారం పొద్దున గోడ తిరిగొచ్చాడు.

సమాఖ్య పెద్దలు పిలిచి మాట్లాడారట. చేతికి ఒక నీలం పట్టీ కట్టుకుని ఆడొచ్చన్నారట. ఆ పట్టీ మీద 'మనుషులంతా ఒక్కటే' అని రాసి ఉంటుందట. గేటు దగ్గర కెమెరాల ముందు గోడ, "నా నిరసన వాళ్ళకి చేరింది, ఇక ఆట మీద దృష్టి పెడతాను," అన్నాడు. మైదానంలోకి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. బెంచీ కూడా కొట్టాడు. గ్లవ్స్‌తో కొడితే చప్పట్లు మోగవు.

కోచ్ మాస్టారు పసుపు జెర్సీ కోసం చెయ్యి చాచారు. బెంచీ తల మీదుగా లాగాడు. అది చెమటకు వీపుకు అంటుకుపోయి, తిరగబడి వచ్చింది. దాన్ని సరిచేసి ఇద్దామని చేతుల్లో పట్టుకుని, సరిచేయకుండానే, "నేను రాను సార్," అన్నాడు.

"భోజనానికా?" అన్నాడు నత్త అలవాటు కొద్దీ.

"ఆ దేశానికి. గోడ చెప్పింది నిజం. మా బావమరిది పక్కవాడు అక్కడే పడి చచ్చిపోయాడు. నేను రాను."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే. అదే ఇంకా కాలింది. మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"అలగకురా. నువ్వు మా ఇంటివాడివి. ఇంటివాడే అలిగితే ఎట్లా? ఏదో ఒక ఆటలో చివరి పది నిమిషాలు దింపమని మాస్టారికి చెప్తాను, సరేనా?"

"అలక కాదు సార్."

"సరే, అలక కాదు," అన్నాడు మేనేజరు, చంటిపిల్లవాడితో అన్నట్టు.

గోడ రానంటే బహిష్కరణ. బెంచీ రానంటే అలక. మాట ఒకటే, చెప్పిన నోరు మారింది. సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. విలేకర్లు కెమెరాలు మూసేసి టీ తాగుతున్నారు. వాళ్ళకైనా చెబుదామని గొంతు సవరించుకున్నాడు. ఒకతను లేచి, "అన్నా, కొంచెం పక్కకి. గోడ బస్సెక్కుతున్నాడు, ఫోటో తీసుకోవాలి," అన్నాడు.

ఊరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అసలు ప్రశ్న మొదలైంది. గోడ తిరిగి రాకపోయుంటే తను రానని అనేవాడేనా? జెర్సీ లాక్కోకముందు ఈ నోరు ఎక్కడికి పోయింది? గ్లవ్స్ తొడుక్కుని మురిసింది ఎవడు? వాళ్ళు అలక అన్నారని కోపం వచ్చింది సరే, అది అలక కాదని తనకైనా తెలుసా?

*

"తీసేశారా, రానన్నారా?" అని అడిగింది భార్య. ఒక్కసారే అడిగింది.

"రానన్నాను."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, "సరే, చేతులు కడుక్కోండి," అంది. వీధిలో మాత్రం తీసేశారనే అనుకున్నారు. మంగలి జాలిగా పలకరించాడు. పక్కింటి ముసలాయన, "ముందు నుంచీ నీకు అన్యాయమేనయ్యా," అని నిట్టూర్చాడు. కాదండీ, నేనే, అని రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పబుద్ధి కాక ఊరుకున్నాడు.

ఇంట్లో ఒక చోట నిలవలేకపోయాడు. చప్పుడు చేసే తలుపు బందులకు నూనె వేశాడు. బీరువాను ఆ గోడ నుంచి ఈ గోడకు జరిపాడు. బాగోలేదని మళ్ళీ అక్కడికే జరిపాడు. బావమరిది తిండి దగ్గర కూర్చుని తల పైకెత్తకుండా, "నేను వెళ్ళమనే కదా బావా చెప్పింది?" అన్నాడు.

"నీకోసం మానలేదులే."

"అమ్మయ్య. నా పేరు చెప్పి మానేస్తే ఆ బరువు నేను మొయ్యలేను. ఇప్పటికే ఒకడి బరువుంది."

జట్టు విమానం ఎక్కడానికి ఒక్క రోజు ఉందనగా, మధ్యాహ్నం పూట, వీధిలోకి కారు వచ్చింది. మేనేజరు ఒక్కడే దిగాడు. చొక్కా నలిగిపోయి ఉంది. లోపలికొచ్చి, చూపించిన కుర్చీలో కూలబడి, నీళ్ళు గడగడా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"గోడ మణికట్టు విరిగిందిరా. పొద్దున ప్రాక్టీసులో స్తంభానికి కొట్టుకున్నాడు. కట్టు కట్టారు. ఇంక లేడు."

బెంచీ నిలబడే ఉన్నాడు. అరచేతులు చెమటలు పట్టడం మొదలెట్టాయి. దాచుకోవడానికి వెనక్కి పెట్టుకున్నాడు.

"మొదటి ఆట నీదే. ఆ తర్వాతవీ నీవే. మూడో కీపరు పిల్లకాయ, వాణ్ణి దింపితే బుట్టెడు గోల్స్ తింటాం. ఆ రోజు నీ మాట నవ్వులాటగా తీసుకున్నాను, తప్పు నాదే. మనసులో పెట్టుకోకు."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. బావమరిది అరుగు మీద స్పానర్లు తుడుచుకుంటూ ఉన్నవాడు, లేచి లోపలికి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

మేనేజరు గొంతు తగ్గించాడు. "నేనూ ఒకప్పుడు ఆడేవాణ్ణని నీకు తెలుసుగా. నా ఇరవై నాలుగో ఏట ఇలాంటి పెద్ద పోటీలే వచ్చాయి. సంచీ సర్దుకున్నాను. కోటు కుట్టించారు. ఆ పోటీలు పెట్టిన దేశం వాళ్ళు జనాన్ని చంపుతున్నారని మన పెద్దలు చివరి నిమిషంలో ఎవర్నీ పంపలేదు. మంచిదే. అక్కడ జైల్లో ఉన్నవాళ్ళు బయటికొచ్చారా? రాలేదు. ఆటలు ఆగాయా? ఆగలేదు. నేనొక్కణ్ణే ఆగాను. ఆ కోటు ఇప్పటికీ బీరువాలో ఉంది, ఒక్కసారి కూడా తొడగలేదు. వద్దురా. ముసలాడివయ్యాక రోజూ అదే గుర్తొస్తుంది."

ఈ మాటల్లో నాటకం లేదు. రేపు బస్సు ఎన్నింటికి సార్ అనే మాట నాలిక చివరిదాకా వచ్చి నిలబడింది. పెదవి కదిపితే చాలు, అదే వచ్చేస్తుంది. గడ్డి మీద స్తంభాన్ని మడమతో తాకి రెండడుగులు ముందుకు వేయడం కాళ్ళకు తెలిసిపోతోంది.

ఆ తటపటాయింపు చూసి మేనేజరు ఉత్సాహపడ్డాడు. బావమరిది వైపు తిరిగాడు. "నువ్వేనా అక్కడ పనిచేసింది? నువ్వైనా చెప్పు మీ బావకి. కావాలంటే నిన్నూ తీసుకెళ్తాం. కట్టినవాడు కుర్చీలో, వాళ్ళ బావ గోల్లో! పేపర్లవాళ్ళు ఎగబడతారు. మంచి సీటు ఇప్పిస్తాను, గోలు వెనకే."

"కూర్చున్నాను సార్ అక్కడ," అన్నాడు బావమరిది.

"ఎప్పుడు?"

"తెరవడానికి ముందు. ఒకరోజు పని ఆపించి మా అందర్నీ లోపలికి తోలి కూర్చోమన్నారు. జనం నిండితే మెట్లు ఊగుతాయా, చప్పుడు ఎలా వస్తుంది, చూడాలట. అందరికీ తెల్ల టోపీలిచ్చారు. కింద ఒకడు జెండా ఊపితే లేచి గోల్ అని అరవాలి. ఆటా లేదు, బంతీ లేదు. ఖాళీ గోలు. అయినా అరిచాం. సరదాగానే ఉంది సార్ ముందు. కూర్చోమని జీతమిస్తే ఎవడికి చేదు?" స్పానరు తుడిచే గుడ్డను వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. "మా గదివాళ్ళం ఒకే వరసలో కూర్చున్నాం. నా పక్కన ఒక కుర్చీ వదిలేశాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఊరికే అలా వదిలేశాం. సూపర్‌వైజరు వచ్చి, మధ్యలో సందు కనబడకూడదు, కెమెరాలో బాగోదు, జరగండి అన్నాడు."

"నేనే జరిగాను సార్. నా పక్కదే కదా." గుడ్డను జేబులో కుక్కుకున్నాడు. "మీరిచ్చే సీటు మంచిదే అయ్యుంటుంది. నాకొద్దు. బావ సంగతి బావ ఇష్టం." అని అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

మేనేజరు గ్లాసు అందుకున్నాడు. అందులో నీళ్ళు లేవు. కింద పెట్టాడు.

బెంచీ వెనక్కి పెట్టుకున్న చేతుల్ని ముందుకు తెచ్చి పంట్లానికి తుడుచుకున్నాడు. చెమట పోవట్లేదు. ఆడాలని అంత ఆశ అతనికి పుట్టాక ఎప్పుడూ కలగలేదు. ఇంకో గంటకు, ఇంకో ఏడాదికి కూడా ఇది తగ్గదని కూడా తెలుస్తూనే ఉంది.

"మొన్న చెప్పిందే సార్," అన్నాడు. "రాను."

ఈసారి మేనేజరు నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేయలేదు. అడిగిందల్లా ఇస్తానంటే ఇంకా అలిగేవాడెవడూ ఉండడు. ఆ సంగతి అతని మొహంలోకి మెల్లగా దిగుతుండగా బెంచీ చూశాడు. తనకూ అప్పుడే దిగింది.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు మేనేజరు ఆఖరి ఆశగా గుమ్మం వైపు చూసి.

"ఆయన చెప్పారుగా అండీ," అంది ఆమె. షాపులో అందరికీ మళ్ళీ ఏం చెప్పుకోవాలో ఆమె మొహంలో కనబడింది గానీ, గొంతులో లేదు.

మేనేజరు లేచి చొక్కా సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "నీ మంచికే చెప్తున్నాను. గాయమని చెప్పేస్తాను. మోకాలో, నడుమో. ఎవరూ ఏమీ అనరు. నీ డిపో ఉద్యోగం ఆట మీద వచ్చింది, మర్చిపోకు. రానన్నాడంటే పైవాళ్ళు ఊరుకోరు," అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వీధిలోకి దిగి, కారు పక్కన నిలబడి ఫోను తీశాడు.

"ఆఁ సార్, ఇంటి దగ్గరే ఉన్నాను... మాట్లాడాను సార్... లేదు సార్. రాలేడట."

బెంచీ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చాడు. ఎండకు వీధి కాలుతోంది. మేనేజరుకు ఎదురుగా నిలబడ్డాడు.

"రాలేడు కాదు సార్. రాడు."

మేనేజరు ఫోనును అరచేత్తో మూశాడు. "ఒరేయ్, నీకోసమేరా ఆ మాట అన్నది. దానికీ దీనికీ ఎంత, ఒక్క అక్షరం!"

"ఆ అక్షరం తీసేసి చెప్పండి."

పరంజా మీద పనివాళ్ళు చేతులు ఆపి కిందికి చూస్తున్నారు. మంగలి దుకాణం నుంచి ఒకరిద్దరు బయటికొచ్చారు. మేనేజరు బెంచీ మొహంలోకి, ఆ తర్వాత అతని ఒట్టి కాళ్ళ వైపు చూశాడు. ఫోను మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు.

"సార్... రాడట సార్," అన్నాడు.

అవతల ఏమన్నారో వినబడలేదు. మేనేజరు మాత్రం, "గాయమేం లేదు సార్. రాడు," అని మళ్ళీ చెప్పాడు.